కుర్చీ దిగిన ప్రొఫెసర్

మొదటి రాయి కిటికీ అద్దాన్ని బద్దలుకొట్టుకుని లోపల పడింది. వెనకే రెండోది. ఆ తర్వాత లెక్కలేదు.

1794 వెళ్లిపోయి 1795 వస్తున్న రాత్రి. జర్మన్ నేల మీద, సాలె నది ఒడ్డున, కొండల నడుమ ఒదిగిన యేనా అనే చిన్న ఊరు. ఎముకలు కొరికే చలి. వీధిలో కుర్రాళ్ల కేకలు, బూట్ల చప్పుడు. ఆ ఇంట్లో ప్రొఫెసర్ యోహాన్ గాట్లీబ్ ఫిక్టే, భార్య యోహానా, ఆమె ముసలి తండ్రి ఉంటున్నారు. నేలంతా గాజు పెంకులు. రాళ్లు విసిరింది దొంగలు కాదు. పగబట్టిన పొరుగువాళ్లూ కాదు. ఆ ఊరి యూనివర్సిటీ విద్యార్థులు.

ఏడు నెలల కిందట ఇదే ఊళ్లో ఇదే మనిషి మాట వినడానికి విద్యార్థులు తొక్కిసలాడుకున్నారు. 1794 మే 23 అది. యేనాలోకెల్లా పెద్ద హాలు. అందులో సందు దొరక్క కొందరు బెంచీలెక్కారు, కొందరు బల్లలెక్కారు, మెట్ల మీదా పెరట్లోనూ నిలబడ్డవాళ్లు ముందువాళ్ల భుజాల మీదుగా మెడలు చాచారు, ఆ గుంపును తోసుకుంటూ ఓ పొట్టి మనిషి, గట్టి ఒళ్లూ సూది చూపూ ఉన్న ముప్పై రెండేళ్ల మనిషి, లోపలికొచ్చి, చదువుకున్నవాడు ఈ లోకానికి ఏం బాకీ పడ్డాడో చెప్పడం మొదలెట్టాడు. ఆ పాఠం వింటున్నవాళ్లలో కొందరికి కత్తులున్నాయి. రహస్య సంఘాలున్నాయి. ఆ సంగతి ప్రొఫెసర్‌కు ఇంకా తగల్లేదు.

ఇంతకీ ఎవరీ ఫిక్టే?

సాక్సనీలో రమ్మెనౌ అనే పల్లె. 1762 మే 19న ఓ రిబ్బన్ నేతగాడి ఇంట్లో పెద్ద కొడుకుగా పుట్టాడు. ఇంటినిండా పిల్లలు. వీడి పని బాతులు కాయడం. చదువంటారా, తండ్రి నేర్పిన నాలుగు అక్షరాలు. ఓ ఆదివారం మిల్టిట్జ్ అనే జమీందారు ఆ ఊరొచ్చాడు. చర్చిలో పాస్టర్ ప్రసంగం వినాలని ఆయన కోరిక. వచ్చేసరికి ప్రసంగం అయిపోయింది. అయ్యో అనుకుంటుంటే ఎవరో చెప్పారు, బాతులు కాసే కుర్రాడొకడున్నాడు, విన్నది విన్నట్టు ఒప్పజెబుతాడని. పిలిపించారు. కుర్రాడొచ్చాడు. నిలబడ్డాడు. మొదలెట్టాడు. పాస్టర్ మాటలతో పాటు పాస్టర్ ఆవేశం కూడా ఆ గొంతులోకి దిగింది. జమీందారు ముఖం మారిపోయింది.

ఆ పూటతో పిల్లవాడి రాత మారింది. చదువు ఖర్చు జమీందారు నెత్తిన వేసుకున్నాడు. షుల్‌ప్ఫోర్టా స్కూలు, తర్వాత యేనా, లైప్‌జిగ్. కానీ ఆ పెద్దమనిషి 1774లోనే కన్నుమూశాడు. ఇంకొన్నేళ్లకు ఆ ఇంటి నుంచి వచ్చే డబ్బూ ఆగిపోయింది. డిగ్రీ పూర్తి కాలేదు. మిగిలింది ఒకటే బతుకుతెరువు. ధనవంతుల ఇళ్లలో పిల్లలకు పాఠాలు చెప్పడం. జ్యూరిక్‌లో అలా ఉన్నప్పుడే యోహానా రాన్ పరిచయమైంది. పెళ్లి మాట అనుకున్నారు. చేతిలో చిల్లిగవ్వ లేదు.

1790లో లైప్‌జిగ్‌లో ఓ విద్యార్థి తత్వవేత్త కాంట్ సిద్ధాంతం చెప్పమని అడిగాడు. ఫిక్టే కాంట్‌ను చదివిందే లేదు. డబ్బు కావాలి కాబట్టి సరేనని పుస్తకం తెరిచాడు. అప్పటిదాకా అతని నమ్మకం ఒకటే. లోకంలో ప్రతిదీ ముందే నిర్ణయమైపోయింది, మనిషి చేయగలిగింది ఏమీ లేదు. కాంట్ రాసిన నీతిశాస్త్రం ఆ నమ్మకాన్ని పునాదితో సహా పెకలించింది. ఇది నా కర్తవ్యం అని తెలుస్తోందంటే, దాన్ని చేయగల స్వేచ్ఛ నాలో ఉన్నట్టే. ఫిక్టేకి నిద్ర పట్టలేదు. ఆ ముసలి మహానుభావుణ్ని కళ్లారా చూడాలి.

1791 జూలైలో కోనిగ్స్‌బర్గ్ చేరాడు. కాంట్‌కు అప్పటికి అరవై ఏడేళ్లు. వచ్చిపోయే అభిమానుల్ని చూసీ చూసీ విసిగిపోయిన మనిషి. పలకరింపు చప్పగా సాగింది. క్లాసుకు వెళ్తే పాఠమూ నిద్రమత్తుగా అనిపించింది. వేరెవరైనా దండం పెట్టి వెనక్కి తిరిగేవాళ్లు. ఫిక్టే తిరగలేదు. అద్దె గదిలో తలుపేసుకుని కూర్చున్నాడు. పరిచయపత్రంగా ఓ గ్రంథమే రాసి ఇద్దామనుకున్నాడు. కొన్ని వారాల్లో రాసేశాడు. దైవవాణి అనే భావనను నైతిక బుద్ధి ముందు నిలబెట్టి ప్రశ్నించిన గ్రంథమది. ఆగస్టు 18న ఆ కట్టను కాంట్‌కు పంపాడు. చేతిలో డబ్బు అయిపోవచ్చింది. కాంట్ కాస్త చదివాడు. ఈసారి పిలుపు వెచ్చగా వచ్చింది. ధైర్యం చేసి ఊరు చేరడానికి అప్పు అడిగాడు ఫిక్టే.

కాంట్ అప్పు ఇవ్వలేదు. పుస్తకాన్ని అచ్చువేయించుకోమన్నాడు. ప్రకాశకుణ్ని కూడా చూపించాడు.

1792 వసంతంలో పుస్తకం బయటికొచ్చింది. చాలా ప్రతుల మీద రచయిత పేరు లేదు, ముందుమాట లేదు. జర్మన్ పండితలోకం ఉలిక్కిపడింది. ఈ శైలి, ఈ పట్టు... ఇది కాంట్ రచనే! యేనా నుంచి వచ్చే పేరున్న పత్రిక కూడా అదే తేల్చేసింది. పొగడ్తలు హోరెత్తాయి. అప్పుడు కాంట్ అదే పత్రికలో ప్రకటన ఇచ్చాడు. ఇందులో నా చెయ్యి లేదు, ఈ గౌరవమంతా ఫిక్టే అనే యువకుడిదేనని. పొగిడినవాళ్లు నాలిక వెనక్కి తీసుకోలేరు. రాత్రికి రాత్రి బాతుల కాపరి దేశమంతా తెలిసిన తత్వవేత్త అయ్యాడు. మరుసటి ఏడాది యోహానాతో పెళ్లి. ఆ వెంటనే యేనా నుంచి పిలుపు. పీఠం సిద్ధంగా ఉంది. రాళ్లు కూడా.

యేనా విద్యార్థుల్లో మూడు రహస్య సంఘాలుండేవి. తాగుడు, జూదం, కత్తి యుద్ధాలు. చిన్న మాట పడితే చాలు, బరిలోకి దిగాల్సిందే. దిగకపోతే పిరికివాడన్న ముద్ర. ఊరివాళ్లూ అధికారులూ కూడా వాళ్ల జోలికి పోయేవాళ్లు కాదు. ఫిక్టే పోయాడు. నీతి గురించి క్లాసులో చెప్పి, బయట కళ్లు మూసుకోవడం అతనికి చేతకాలేదు. ఒక్కో సంఘంతో మాట్లాడాడు, ఒప్పించాడు, రద్దు చేసుకుంటామని మాట తీసుకున్నాడు. ఇదంతా తన మాట బలంతోనే! కానీ వ్యవహారం యేనాను ఏలే వైమార్ ప్రభుత్వం దాకా వెళ్లేసరికి ఒక సంఘం అడ్డం తిరిగింది. ఈయన మనల్ని సర్కారుకు పట్టిస్తున్నాడన్న అనుమానం గుప్పుమంది.

ఇంకోవైపు చర్చి పెద్దలు కత్తులు నూరారు. నీతి మీద ఫిక్టే ఇచ్చే ఉపన్యాసాలు ఆదివారం ఉదయం పెట్టుకున్నాడు. మిగతా రోజుల్లో ఖాళీ గంట దొరకలేదంటాడు. దేవుడి ప్రార్థన వేళకు బుద్ధికి పూజ చేయిస్తున్నాడని వాళ్ల ఫిర్యాదు. విచారణ జరిగింది. చివరికి మధ్యాహ్నానికి మార్చుకోమన్నారు. ఈ రెండు మంటల మధ్య ఉండగానే ఆ రాత్రి రాళ్లొచ్చాయి. వసంతంలో మళ్లీ వచ్చాయి. వీధిలో యోహానాను అవమానించారు. యూనివర్సిటీ రక్షణ ఇవ్వలేదు. 1795 వేసవి అంతా ఫిక్టే కుటుంబంతో ఓస్మన్‌స్టెట్ అనే పల్లెలో తలదాచుకున్నాడు. వైమార్‌లో మంత్రిగా ఉన్న మహాకవి గోథే ఓ చతురోక్తి విసిరాడు. ఫిక్టే తత్వం ప్రకారం లోకమంటే ‘నేను’, ‘నేను కానిది’. ఆ ‘నేను కానిది’ ఇలా కిటికీలోంచి ఊడిపడిందన్నమాట!

పల్లె నుంచి తిరిగొచ్చి మళ్లీ పాఠం మొదలెట్టాడు. ఆ పాఠాన్ని దగ్గర్నుంచి చూసిన స్టెఫెన్స్ అనే యువకుడు తర్వాత తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. గోడను ఊహించండి, అంటాడు ప్రొఫెసర్. అందరూ ఊహిస్తారు. తేలికే. ఇప్పుడు ఆ గోడను ఊహించినవాణ్ని ఊహించండి, అంటాడు. హాలు గందరగోళంలో పడుతుంది. ఒకడు నిటారుగా కూర్చుంటాడు, ఒకడు కళ్లు మూసుకుంటాడు, ఒకడు కుర్చీలో అటూ ఇటూ కదులుతాడు. తనను తాను పట్టుకుందామంటే జారిపోతోంది. ఫిక్టే చెప్పాలనుకున్నది అదే. ‘నేను’ అనేది ఎక్కడో పడి ఉన్న వస్తువు కాదు. అదొక చర్య. చేస్తూ ఉంటేనే అది ఉంటుంది.

1798లో అతని నీతిశాస్త్రం వచ్చింది. మనిషిలో చెడుకు వేరు ఎక్కడుందో అందులో వెతికాడు. బద్ధకంలో ఉందన్నాడు. బద్ధకం పిరికితనాన్ని కంటుంది, పిరికితనం అబద్ధాన్ని కంటుంది. ఎవరో చెప్పారని చేస్తే అది నీతి కాదు. ఇది నా కర్తవ్యమని సొంతంగా నమ్మి చేయాలి. రాసినవాడికి ఆ నమ్మకం ఎంత ఖరీదు పడుతుందో అదే ఏడాది తేలిపోయింది.

తన సొంత పత్రికలో ఓ వ్యాసం వేశాడు. లోకాన్ని నడిపే నైతిక క్రమమే దేవుడు, దాని వెనక ఇంకో దేవుణ్ని కూర్చోబెట్టక్కర్లేదని వాదన. నాస్తికత్వం! పేరులేని ఓ కరపత్రం ముందుగా కేక పెట్టింది. సాక్సనీ పాలకుడు పత్రికను జప్తు చేయించాడు. వైమార్‌కు హెచ్చరిక పంపాడు. ఈ ప్రొఫెసర్ సంగతి చూడండి, లేకపోతే మా విద్యార్థుల్ని మీ యేనాకు పంపం. వైమార్ పెద్దలకు గొడవ వద్దు. మెత్తగా మందలించి వదిలేద్దామనుకున్నారు. ఫిక్టే నోరు మూసుకుంటే చాలు.

మూసుకోలేదు. ప్రజలకే నేరుగా విజ్ఞప్తి అచ్చేశాడు. జప్తు చేసేముందు దయచేసి చదవండని దాని అట్ట మీదే వేయించాడు. ఆ తర్వాత 1799 మార్చి 22న కాగితం తీసుకుని మంత్రి ఫోగ్ట్‌కు ఉత్తరం రాశాడు. బహిరంగంగా మందలిస్తే ఊరుకోను, ఉద్యోగం వదిలేస్తాను. నాతో పాటు ఇంకొందరు ప్రొఫెసర్లూ వస్తారు. సంతకం పెట్టాడు. సిరా ఆరింది. ఉత్తరం వెళ్లిపోయింది.

వారం తిరిగేలోపు జవాబు సిద్ధమైంది. మందలింపూ ఉంది. దాని కిందే రాజీనామా ఆమోదమూ ఉంది.

గోథే కూడా ఆ నిర్ణయం వైపే నిలిచాడు. ఫిక్టే కంగారుగా ఇంకో ఉత్తరం రాశాడు, మొదటి దానికి అర్థం అది కాదంటూ. వైమార్ కదల్లేదు. విద్యార్థులు విన్నపాల మీద విన్నపాలు పెట్టారు. కదల్లేదు. వెంట వస్తామన్న ప్రొఫెసర్లలో ఒక్కడూ కుర్చీలోంచి లేవలేదు. ఇక్కడ ఫిక్టే చేసింది తప్పే. సూత్రానికి కట్టుబడటం వేరు, బెదిరింపు ఉత్తరం వేరు. ఆ తేడా అతనికి ఆ మార్చిలో కనపడలేదు. ఆగస్టులో ఇంకో దెబ్బ పడింది. కాంట్, సాక్షాత్తూ ఆ కాంటే, ఏడేళ్ల కిందట తనను ఆకాశానికెత్తిన ఆ పత్రికలోనే ప్రకటన ఇచ్చాడు. ఫిక్టే సిద్ధాంతం నిలబడదని. అప్పటికే ఫిక్టే భార్యనూ మూడేళ్ల కొడుకునూ యేనాలో వదిలి ఒంటరిగా బెర్లిన్ చేరాడు. పోలీసులు కన్నేసి ఉంచారు. విషయం ప్రష్యా రాజు దాకా వెళ్లింది.

రాజు తేలిగ్గా కొట్టిపారేశాడంటారు. అతనికి దేవుడితో పేచీ ఉంటే దేవుడే చూసుకుంటాడు, మనకేం? అలా బెర్లిన్‌లో నీడ దొరికింది.

యూనివర్సిటీ లేని ఊరది. గదుల్లో పాఠాలు చెప్పుకుంటూ, పుస్తకాలు రాసుకుంటూ నెట్టుకొచ్చాడు. 1806 అక్టోబరులో యేనా దగ్గరే నెపోలియన్ ప్రష్యా సైన్యాన్ని నుగ్గు చేశాడు. బెర్లిన్ ఫ్రెంచివాళ్ల చేతికి పోయింది. ఫిక్టే కోనిగ్స్‌బర్గ్‌కు, అక్కణ్నుంచి కోపెన్‌హేగన్‌కు పారిపోయి, మరుసటి ఏడాది తిరిగొచ్చాడు. 1807 డిసెంబరు 13 నుంచి 1808 మార్చి 20 దాకా ఆదివారాల్లో, ఆక్రమిత నగరం నడిబొడ్డున, జర్మన్ జాతినుద్దేశించి 14 ప్రసంగాలు చేశాడు. బయట ఫ్రెంచి దళాల డ్రమ్ములు వినిపించేవంటారు. ఓ కరపత్రం అచ్చేసినందుకు పామ్ అనే పుస్తకాల వ్యాపారిని ఫ్రెంచివాళ్లు కాల్చి చంపి ఏడాదిన్నర కూడా కాలేదు. తనకూ అదే గతి పట్టొచ్చని తెలిసే నిలబడ్డాడు. ఆ ధైర్యాన్ని కాదనలేం. కానీ తమ భాషే మూలభాష, తమ జాతే మూలజాతి అన్న మాటలూ ఆ ప్రసంగాల్లోనే ఉన్నాయి. తర్వాతి తరాల్లో జాతి గర్వం తలకెక్కినవాళ్లు వాటినే ఏరుకున్నారు. చిత్రమేమిటంటే అతనికి అడుగడుగునా అడ్డుపడింది ఫ్రెంచివాళ్లు కాదు, ప్రష్యా సెన్సారే.

1810లో బెర్లిన్ యూనివర్సిటీ తెరుచుకుంది. మరుసటి ఏడాది తోటి ప్రొఫెసర్లు ఓట్లేసి ఫిక్టేను రెక్టర్‌గా, అంటే యూనివర్సిటీ పెద్దగా ఎన్నుకున్నారు. 1811 అక్టోబరు 19న పదవీ స్వీకార ప్రసంగం. అందరూ రాజుల నుంచి, సెన్సార్ నుంచి విద్యా స్వేచ్ఛకు ముప్పు అంటాడనుకున్నారు. ఫిక్టే వేలు విద్యార్థుల మధ్యకే చూపించింది. కత్తి యుద్ధాలు, ముఠాలు, పరువు పేరుతో దౌర్జన్యం. స్వేచ్ఛను చంపేది ఇదేనన్నాడు. హాల్లో కొన్ని మొహాలు మాడిపోయాయి. పరీక్ష ఎంతో దూరంలో లేదు.

బ్రోగి అనే యూదు విద్యార్థి. ఓ తోటి విద్యార్థి అతన్ని కత్తి యుద్ధానికి లాగాలని చూశాడు. అతను లొంగలేదు. దాంతో ఆ విద్యార్థి నలుగురు చూస్తుండగా బ్రోగిని కొరడాతో కొట్టాడు. ముఠాల లెక్క ప్రకారం బ్రోగి ముందు ఒకటే దారి. కత్తి తీయాలి. అతను తీయలేదు. నేరుగా రెక్టర్ గది మెట్లెక్కి ఫిర్యాదు ఇచ్చాడు.

కేసు విద్యార్థుల పరువు కోర్టుకు వెళ్లింది. తీర్పు వచ్చింది. కొట్టినవాడికి శిక్ష. దెబ్బలు తిన్న బ్రోగికి కూడా!

ఇక్కడ కాస్త ఆగి పాత పుస్తకమొకటి తెరవాలి. 1793లో పేరు వేసుకోకుండా ఫ్రెంచి విప్లవాన్ని సమర్థిస్తూ ఇదే ఫిక్టే ఓ పుస్తకం రాశాడు. అందులో యూదుల మీద ఓ అధోజ్ఞాపిక ఉంది. వాళ్లకు పౌరహక్కులివ్వాలంటే ఒక రాత్రిలో అందరి తలలూ నరికి వేరే తలలు అతికించడమొక్కటే మార్గమన్నాడు. మనుషులుగా వాళ్లను హింసించకూడదని పక్కనే రాసినా, ఆ వాక్యం విషమే. దాన్ని అతను వెనక్కి తీసుకున్నదీ లేదు. ఆ వాక్యం రాసిన మనిషి బల్ల మీదికే ఇప్పుడు బ్రోగి కాగితాలు వచ్చాయి.

ఫిక్టే తీర్పు చదివాడు. అమలు చేయనన్నాడు. చట్టం కత్తి యుద్ధాన్ని నిషేధించింది. ఈ కుర్రాడు చట్టానికి లోబడి, న్యాయం అడగడానికి వచ్చాడు. వచ్చినందుకు శిక్షిస్తే రేపు ఎవడొస్తాడు? యూనివర్సిటీ సెనేట్‌లో మెజారిటీ వినలేదు. తత్వవేత్త, మతాచార్యుడు ష్లయర్‌మాఖర్ అవతలి పక్షం. విద్యార్థుల ఆచారాలను అంత కఠినంగా చూడకూడదని ఆయన వాదన. సమావేశం గదిలో మాటలు పెరిగాయి. ఈలోగా ఫిక్టే భయపడ్డదే జరిగింది. బ్రోగి తిరగబడడని ఊరంతా తెలిసిపోయింది. ఇంకో విద్యార్థి వచ్చి అతని మీద చెయ్యి చేసుకున్నాడు. మళ్లీ తీర్పు. మళ్లీ బ్రోగికి కూడా శిక్ష.

1812 ఫిబ్రవరి. ఫిక్టే మళ్లీ కాగితం తీసుకున్నాడు. పదమూడేళ్ల కిందటి మార్చి లాంటి ఉత్తరం కాదిది. బెదిరింపు లేదు. ఇంకెవరో వెంట వస్తారన్న లెక్క లేదు. ఈ పద్ధతిలో రెక్టర్‌గా కొనసాగలేను, నన్ను తప్పించండని ప్రభుత్వాన్ని అడిగాడు. వసంతంలో తప్పించారు. మామూలు ప్రొఫెసర్‌గా తన క్లాసుకు తాను వెళ్లిపోయాడు. అతని జీవితంలో అతి పెద్ద నీతి పాఠం ఈ చిన్న ఆఫీసు కాగితమే. బెర్లిన్‌ను ఉర్రూతలూపిన ప్రసంగాల కన్నా ఇదే గొప్పది.

1813లో నెపోలియన్ మీద యుద్ధం మొదలైంది. సైన్యంలో ప్రబోధకుడిగా తీసుకోమన్నాడు ఫిక్టే. కాదన్నారు. యాభై దాటిన వయసులో పౌరదళంలో చేరి కవాతు చేశాడు. బెర్లిన్ చుట్టుపక్కల యుద్ధాలు జరిగాయి. బళ్ల మీద గాయపడ్డ సైనికులు. ఆసుపత్రుల నిండా చీము వాసన, మూలుగులు, జ్వరాలు. యోహానా రోజూ వెళ్లేది. గాయాలు కడిగేది. నెలల తరబడి. 1814 జనవరి మొదట్లో ఆమే మంచాన పడింది. టైఫస్. పేల ద్వారా అది పాకుతుందని కనుక్కోవడానికి ఇంకో తొంభై అయిదేళ్లు పట్టింది. అప్పటికి దాన్ని ఆసుపత్రి జ్వరం అనేవాళ్లు, అంతే.

ఆమెకు గండం ముంచుకొచ్చిన రోజు. ఫిక్టే అప్పుడే కొత్త ఉపన్యాసాలు మొదలెట్టాడు. పగలంతా మంచం పక్కనే ఉన్నాడు. సాయంత్రం గంట అయింది. బతుకుతుందో లేదో తెలియని భార్యను వదిలి పాఠం చెప్పడానికి వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి ఆమె ఉండదేమోనన్న భయంతోనే వచ్చాడు. తలుపు తీశాడు. జ్వరం తగ్గుముఖం పట్టింది! ఆనందం పట్టలేక ఆమె మీదికి వంగి హత్తుకున్నాడు. తండ్రి జీవితచరిత్ర రాసిన కొడుకు చెప్పిన ప్రకారం, రోగం అంటుకుంది ఆ క్షణంలోనే.

యోహానా లేచి కూర్చుంది. ఫిక్టే లేవలేదు. 1814 జనవరి 29న, యాభై ఒక్కేళ్ల వయసులో పోయాడు. మొదలెట్టిన ఉపన్యాసాలు మధ్యలో ఆగిపోయాయి. బెర్లిన్‌లో అతని పీఠం నాలుగేళ్లు ఖాళీగా ఉంది. 1818లో హైడల్‌బర్గ్ నుంచి తత్వవేత్త హెగెల్ వచ్చి అందులో కూర్చున్నాడు.